నీ పొరను మూసీ నీటితోనే పరీక్షించు

నల్లగొండ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది బిడ్డా. మురుగునీటి శుద్ధికి త్వరగా పూడిపోని నానోఫైబర్ పొరలను, అంటే అతి సన్నని దారాల వడపోత చాపలను, తయారు చేయడమే నీ పరిశోధనాంశమని తెలిసి చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లు శుద్ధి కేంద్రాల్లో పంపుల మధ్య గడిపినవాణ్ణి కనుక నీకు ముఖ్యంగా ఒక మాట చెప్పాలి: పొర మంచిదో కాదో పదోసారి కడిగిన తర్వాతే తెలుస్తుంది.

నువ్వు పొరకు వాడబోతున్న ప్లాస్టిక్ అయిన పీవీడీఎఫ్‌కు నీరంటే పడదు. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో, అంటే విద్యుత్ బలంతో ద్రావణాన్ని సన్నని దారాలుగా లాగి, తీసిన తెల్లని చాప మీద ఒక నీటి బొట్టు వేసి చూడు, తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడుతుంది. అలాంటి పొరకే నూనె, ప్రొటీన్లు, సూక్ష్మజీవుల జిగురు ఇట్టే అతుక్కుంటాయి. అందుకే నీటిని ఇష్టపడే పూత అవసరం. డోపమైన్ అనే రసాయనం కలిపిన పీహెచ్ 8.5 (కొద్దిగా క్షార) ద్రావణంలో ముంచి ఉంచితే కొన్ని గంటల్లో ఆ తెల్లని చాప గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ పూతే పాలీడోపమైన్. మచ్చలు మచ్చలుగా ఉంటే పూత సమంగా పట్టలేదని అర్థం. పూత సరిగా పట్టిన చోట బొట్టు ఇంకిపోతుంది, నీరు దారాల చుట్టూ సన్నని తెరలా నిలిచి మురికిని దారాన్ని తాకనివ్వదు. సూక్ష్మజీవులు పెరగకుండా వెండి నానోకణాలు కలపమని కొందరు చెబుతారు. అవి పనిచేస్తాయి కానీ మెల్లగా నీటిలోకి జారిపోతాయి, కనుక వడకట్టిన నీటిలో వెండి ఎంత వస్తున్నదో కొలవకుండా ఆ దారి పట్టకు.

మన పోచంపల్లి చీరలో ప్రతి పోగూ లెక్క ప్రకారం నడుస్తుంది. నీ చాపలో దారాలు ఎటు పడితే అటు పరుచుకుంటాయి, అందువల్ల రంధ్రాలన్నీ ఒకే కొలతలో ఉండవు. సగటు కొలత చూసి ఊరుకోకుండా అన్నిటికంటే పెద్ద రంధ్రం ఎంతో చూడు, ఎందుకంటే మురికి లోపలికి దూరి ఇరుక్కునేది అక్కడే.

ప్రయోగశాలలో సాధారణంగా ఆల్బుమిన్ ప్రొటీన్ కలిపిన శుభ్రమైన నీటితో పరీక్షిస్తారు. అది తొలి మెట్టుగా సరిపోతుంది. మన మూసీ మాత్రం హైదరాబాద్ ఇళ్ల సబ్బునూ నూనెనూ, కర్మాగారాల రసాయనాలనూ, బంకమన్నునూ, సున్నాన్నీ కలిపి మోసుకొస్తుంది. వలిగొండ వైపు ఏదైనా కత్వ (చిన్న ఆనకట్ట) దగ్గర ఒక క్యాను నింపుకొని, మంచులో పెట్టి తెచ్చి అదే రోజు వాడు. ఎండాకాలం నీరు వేరు, వానాకాలం నీరు వేరు కనుక రెండు కాలాల్లోనూ పరీక్షించు.

కడగడం విషయంలో నేను చేసిన పొరపాటు నువ్వు చేయకూడదు. ఒక కర్మాగారంలో ఆర్‌ఓ యూనిట్‌లో ఒత్తిడి పెరుగుతుంటే సున్నం పట్టిందనుకొని నేరుగా ఆమ్లంతో కడిగించాను. విప్పి చూస్తే, మామూలుగా వేళ్ల మధ్య జారిపోవలసిన జిగురు మెంబ్రేన్‌కు (వడపోత పొరకు) తోలులా కరుచుకొని ఉంది. ముందు క్షారంతో జిగురు వదిలించి, ఆ తర్వాత సిట్రిక్ ఆమ్లంతో సున్నం కరిగించి ఉంటే ఆ మెంబ్రేన్లు దక్కేవి. ఆ రోజు పడ్డ బాధ నాకింకా గుర్తుంది.

నీకు ఇంకో చిక్కు ఉంది. గాఢమైన కాస్టిక్ సోడాకు పీవీడీఎఫ్ దెబ్బతింటుంది, కనుక జిగురు వదిలించడానికి సోడియం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రవం) వాడాలనిపిస్తుంది. పీవీడీఎఫ్ దాన్ని తట్టుకుంటుంది, కానీ నువ్వు కష్టపడి వేసిన పాలీడోపమైన్ పూతను అది తినేస్తుంది. మురికితో పాటు పూత కూడా పోయిన పొర ఆ పూట బాగానే పారుతుంది, మరుసటి వారానికే మూసుకుపోతుంది. అందుకే కడిగిన ప్రతిసారీ ఎంత ధార తిరిగి వచ్చిందో రాసుకోవడంతో పాటు, చిన్న ముక్క కత్తిరించి ఆరబెట్టి బొట్టు వేసి చూడు. బొట్టు మళ్లీ గుండ్రంగా నిలబడడం మొదలుపెట్టిందంటే, పూతను మార్చాలి లేదా కడిగే మందును మార్చాలి.

పీవీడీఎఫ్‌ను కరిగించే ద్రావకంగా డీఎంఎఫ్ వాడితే దాని ఆవిరి కాలేయానికి హాని చేస్తుంది, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే అర) బయట సీసా మూత తీయకు.

పదోసారి కడిగిన తర్వాత ఒక ముక్క కవరులో పెట్టి నాకు పంపు బిడ్డా, నేనూ ఒక బొట్టు వేసి చూస్తాను.

ఇట్లు,
మీ మామ