తూము సంగతి ఎక్కడ?

తమ్ముడూ,

వ్యాసం చదివాను. ఎత్తుగడ బాగుంది. అయితే రెండో పేజీలో ‘ఈస్ట్రోజెన్ పెరిగితే ఎలుక గర్భాశయంలో నీరు చేరుతుంది’ అని రాసి ఊరుకున్నావు. ఎక్కడ చేరుతుంది? గర్భాశయం గోడలోనా, దాని లోపలి గొట్టంలోనా?

పిల్ల ఎలుకకు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ సూది వేస్తే ఆరు గంటల్లో గర్భాశయం బరువెక్కుతుంది. 1938లో ఆస్ట్‌వుడ్ అనే శాస్త్రవేత్త దాన్నే ఈస్ట్రోజెన్‌కు పరీక్షగా పెట్టాడు. అది రక్తనాళాల నుంచి ఊరి గోడలో ఇంకిన నీరు. గొట్టంలో నిలిచే ద్రవం వేరు, దాన్ని లోపొర కణాలు స్రవిస్తాయి. ఈస్ట్రోజెన్ సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ దారులను పెంచుతుంది. ఉప్పు వెంట నీరూ లోపలికొస్తుంది. మరో ఆడ హార్మోన్ ప్రొజెస్టెరాన్, ఈనాక్ అనే సోడియం దారులను పెంచి ఆ నీటిని వెనక్కి పీల్చేస్తుంది.

నువ్వు చెరువులోకి నీరెలా వచ్చిందో చెప్పి తూమును మరిచావు. ప్రోఈస్ట్రస్ నాడు, అంటే అండం విడుదలకు ముందు రోజు, గర్భాశయ ముఖద్వారం బిగుసుకుని ఉంటుంది. అందుకే కొమ్ముల్లా చీలిన గర్భాశయపు రెండు గొట్టాలూ ఉబ్బి, పలచబడిన గోడలోంచి ద్రవం మెరుస్తుంది. ఆ సాయంత్రం అండం విడుదల చేయించే హార్మోన్ ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగుస్తుంది, వెంటనే ప్రొజెస్టెరాన్ లేస్తుంది, ముఖద్వారం వదులవుతుంది. మర్నాడు, ఈస్ట్రస్ దశ నాటికి, కొమ్ములు ఖాళీ. అండాశయాలు తీసేసిన ఎలుకకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తూ పోతే మాత్రం ద్రవం నిలిచిపోతుంది.

‘ఎదకొచ్చిన ఎలుక’ అన్న మాట కొట్టెయ్. ఎలుక మగదాన్ని రానిచ్చేది ప్రోఈస్ట్రస్ సాయంత్రం నుంచే; స్మియర్‌లో, అంటే యోని నుంచి తీసి సూక్ష్మదర్శినిలో చూసే కణాల్లో, కేంద్రకం లేని పొలుసు కణాలు నిండేది మర్నాడు. ఎద అంటే ఏ పూట? స్మియర్‌లో ఏం కనిపించింది, ఎలుకల గదిలో దీపాలు ఎప్పుడు వెలిగి ఎప్పుడు ఆరాయి, ఎలుకను ఎన్నింటికి కోశారు, ఈ మూడూ రాయి. అంకెలు పాఠకుడికి బరువని కత్తిరించే సంపాదకులు ఎప్పుడూ ఉంటారు. వాళ్లు కొట్టేసినా నువ్వు రాయడం మానకు.

గర్భాశయం తూకం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు, అసలు తప్పులన్నీ అక్కడే. గర్భాశయాన్ని తూచి ఈస్ట్రోజెన్ ప్రభావం పట్టే 2007 నాటి అంతర్జాతీయ పరీక్ష ఓఈసీడీ 440 పద్ధతిలో యోనిని ముఖద్వారానికి కాస్త కిందుగా కోస్తారు, ముఖద్వారం గర్భాశయంతోనే ఉండాలి. పైన కోస్తే ద్రవమంతా బల్ల మీదే. కొవ్వు ఒలిచేటప్పుడు ఫోర్సెప్స్ మొన గుచ్చుకున్నా అంతే. అప్పుడు ద్రవంతో కలిపి తూచే తడి బరువు వదిలెయ్, ద్రవం అద్ది తీశాక తూచే ఒత్తిన బరువు పనికొస్తుంది. ముందు 0.1 మిల్లీగ్రాము వరకు తూచి, ఆపై కొమ్ములు చీల్చి, కాస్త తడిపిన ఫిల్టర్ పేపర్ మీద పెట్టి మరో పేపర్‌తో మెల్లగా అద్ది, మళ్లీ తూచాలి. గట్టిగా ఒత్తితే గోడలో నీరు కూడా పోతుంది. రెండు తూకాల తేడాయే గొట్టంలోని ద్రవం. మేత కూడా చూసుకో: సోయా ఎక్కువైతే దానిలోని జెనిస్టీన్ ఈస్ట్రోజెన్ వేషం వేస్తుంది. ఇలాంటి మొక్కల ఈస్ట్రోజెన్లు జెనిస్టీన్ లెక్కన గ్రాము మేతకు 350 మైక్రోగ్రాములు దాటకూడదని అదే పద్ధతి చెబుతుంది.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం.

చివర్లో పొట్ట ఉబ్బిన ఆ చిట్టెలుకను హార్మోన్ ఖాతాలో వేశావు. యోని తెరుచుకుని ఉందో లేదో చూశారా? పుట్టుకతోనే మూసుకుపోయిన చిట్టెలుకల్లో ద్రవం పోయే దారిలేక గర్భాశయం అలాగే ఉబ్బుతుంది, చూడటానికి చూలిదానిలా ఉంటుంది. అడిగి కనుక్కుని ఆ పేరా మళ్లీ రాయి.