ఆఖరి పేజీన్నర తీసెయ్యమ్మా

అమ్మా, వందనాలు.

నీ కథ అందింది, దాంతోపాటు నువ్వు రాసిన ఉత్తరమూ అందింది. ఉత్తరంలో తొమ్మిది ప్రశ్నలు అడిగావు. అన్నిటికీ జవాబు చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు, కుడికంటికి శుక్లం ఆపరేషనై ఇంకా పదిహేను రోజులు కాలేదు. కలంపేరు పెట్టుకోవాలా వద్దా, పుస్తకం సొంతంగా వేసుకుంటే ఎంతవుతుంది, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు నీ కథ గురించి మాట్లాడాలి. అది విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మిర్చి తొడిమలు తీసే పని నుంచి ఆ తల్లి ఇంటికొస్తుంది. మజ్జిగ గిన్నెలో మణికట్ల దాకా రెండు చేతులూ పెట్టి, గోడకి ఆనుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటుంది. చంటిపిల్లాడు ఏడుస్తుంటాడు. పాలివ్వాలి, కానీ ఆ చేతులతో పిల్లాణ్ణి పట్టుకోకూడదు. నాయనమ్మే పిల్లాణ్ణి ఎత్తి రొమ్ముకి అందిస్తుంటే, తల్లి రెండు చేతులూ దూరంగా చాపి పెట్టుకుని, పిల్లాడి మొహంకేసి చూస్తూ ఉంటుంది. మా మనవరాలు ఇది చదివి వినిపిస్తుంటే ఇక్కడ ఆపమన్నాను. లేచి కాసేపు వరండాలోకి వెళ్లిపోయాను.

మళ్లీ వచ్చి కూర్చుంటే ఏముంది, పాస్టరుగారు వచ్చారు.

వచ్చి నులకమంచం మీద కూర్చుని పేజీన్నర ప్రసంగం చేశారు. ఏడు బైబిలు వాక్యాలు రిఫరెన్సులతో సహా చెప్పారు, లెక్కపెట్టించాను. తెల్లారేసరికి ఫైనాన్సు వాడు అప్పు మాఫీ చేశాడు, తల్లి చేతుల మంట తగ్గిపోయింది, తాగుడు మానని భర్త మోకాళ్ల మీద ఉన్నాడు. ఎందుకమ్మా ఇలా చేశావు? నాకు నిజంగా కోపం వచ్చింది. మూడు పేజీలు అంత కళ్లు పెట్టి చూసిన దానివి, నాలుగో పేజీలో కళ్లు ఎందుకు మూసుకున్నావు? దేవుడు అప్పటికే ఆ ఇంట్లో ఉన్నాడు. నాయనమ్మ చేతుల్లో ఉన్నాడు. ఆయన్ని పాస్టరుగారు వచ్చి చెబితే తప్ప చదివేవాళ్లకి తెలియదని భయపడ్డావు, అంతే.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నీ ఉత్తరంలో నాలుగో ప్రశ్న చూస్తే తెలిసింది. "క్రైస్తవ రచయితలకు ధైర్యాన్నిచ్చే వాక్యాలు ఓ పది చెప్పండి అంకుల్, రాసుకునే బల్ల ముందు గోడకి అంటించుకుంటాను" అన్నావు. నేను చెప్పను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరం వరసలో నిలబడి ఒక్కో వాక్యం అచ్చేసిన వాగ్దానం కార్డు తీసుకుంటాం, ఏడాదంతా దాన్ని బైబిల్లో పెట్టుకుంటాం. నేనూ తీసుకుంటాను, తప్పనను. ఇప్పుడైతే పొద్దున లేచేసరికి ఫోన్లో సూర్యోదయం బొమ్మ మీద వాక్యం వేసి పది మంది పంపిస్తున్నారు. విశ్వాసికి అది సరిపోతుందేమో గానీ రచయితకి సరిపోదు. రచయిత వాక్యాన్ని ముక్కగా కోసుకోకూడదు, అధ్యాయం అధ్యాయంగా చదవాలి, ఎవరు ఎవరికి ఏ పరిస్థితిలో ఎలా చెప్పారో చూడాలి. ఈ మాట నేను ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను, సభల్లో చెప్పాను, కొంతమందికి నా మీద విసుగు కూడా వచ్చింది, అయినా మళ్లీ చెబుతాను.

నీ పాస్టరుగారు చెప్పిన ఏడింటిలో ఒకటి యిర్మీయా 29:11. కీడు కాదు, మేలే చేస్తానని దేవుడు చెప్పే మాట. అది అసలు ఒక ఉత్తరంలోది, తెలుసా? బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకి యెరూషలేము నుంచి ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. దాని మొదట్లో ఏముందో చూడు. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అన్నాడు. అంటే రేపో ఎల్లుండో తిరిగి రారు, అక్కడే ఉండాలి అని. డెబ్బై ఏళ్లు పడుతుందని పదో వచనంలో తేల్చి చెప్పాడు. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ఆయన రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని గుడిలో అందరి ముందూ ప్రవచించాడు. జనానికి అది ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఆలోచించు. అది అబద్ధమని యిర్మీయా వాడి మొహం మీదే చెప్పాడు. నీ కథలో ఆ తల్లికి తెల్లారేసరికి అన్నీ తీర్చేసింది హనన్యా పద్ధతి. మాట యిర్మీయాది, ముగింపు హనన్యాది.

ఇంకో చోటు చూడు, 2 సమూయేలు 12. దావీదు రాజు ఊరియా భార్యని తీసుకుని, ఊరియాని చంపించాడు. ఆ పాపం నాతాను ప్రవక్తకి తెలుసు. ఆజ్ఞలు ఉన్నాయి, వరసగా అప్పజెప్పొచ్చు. ఆయన ఏం చేశాడు? ఒక గొర్రెపిల్ల కథ చెప్పాడు. ఆ బీదవాడి చేతిముద్ద తినేది, వాడి గిన్నెలోది తాగేది, వాడి ఒళ్లో పడుకునేది, వాడికి కూతురులా ఉండేది. ఎన్ని మాటలో చూడు గొర్రెపిల్ల గురించే! దాన్ని ఒక ధనవంతుడు లాక్కుని తన అతిథికి వండించాడు. రాజు కోపంతో మండిపోయాక, అప్పుడు, "ఆ మనుష్యుడవు నీవే." తెలుగులో మూడే మాటలు. ఆ తర్వాత నాతాను తీర్పు చెప్పాడు కదా, అది ప్రసంగం కాదా అని నువ్వు అడగొచ్చు. చెప్పాడు, నిజమే. కానీ ఆయన ఎదురుగా ఆ నేరం చేసినవాడు కూర్చుని ఉన్నాడు. నీ కథలో ఆ తల్లి ఏం నేరం చేసిందని పేజీన్నర వినాలి?

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకటి జరిగింది. 1984లో ఒక క్రైస్తవ మాసపత్రికకి కథ పంపాను. గుంటూరు కొత్తపేటలో రిక్షా తొక్కే ముసలాయన, క్రిస్మస్ ముందురోజు, కిరాయి తీసుకోకుండా ఒక నిండు గర్భిణిని ఆసుపత్రిలో దింపి వెళ్లిపోతాడు, అంతే కథ. సంపాదకుడు నన్ను పిలిపించి "ఇందులో యేసు పేరు ఎక్కడుంది? మారుమనస్సు ఎక్కడుంది?" అన్నాడు. నేను నోరు మెదపలేదు, చిన్నవాణ్ణి. అచ్చయ్యాక చూసుకుంటే ఆయనే చివర్లో పన్నెండు లైన్లు కలిపాడు, ముసలాయనకి దర్శనం కూడా వచ్చింది. పైన మాత్రం నా పేరే. ఆ తర్వాతి ఏడాది అదే కథ నేను రాసినట్టుగానే ఒక వారపత్రికకి పంపితే "మత ప్రచార రచనలు స్వీకరించము" అని తిప్పి పంపారు. క్రిస్మస్ అన్న మాట ఒక్కటే ఉంది అందులో! వీళ్లకి ఎక్కువైంది, వాళ్లకి తక్కువైంది. ఆ సంపాదకుడికి ఆరోజు నేను చెప్పాల్సిన జవాబు చాలా ఏళ్లకి దొరికింది. ఎస్తేరు గ్రంథం మొత్తంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా లేదండీ, అయినా అది పరిశుద్ధ గ్రంథంలోనే ఉందండీ, అని. ఆయన ఇప్పుడు లేరు. అందుకని నీకు చెబుతున్నాను, నీకు ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే నాలాగా నోరు మూసుకుని రావద్దు.

భాష గురించి ఒక్క మాట. నీ కథలో తల్లి ప్రార్థన చేసేటప్పుడు "ప్రభువా, నీ దాసురాలిని కటాక్షించుము" అంటుంది. అది అలాగే ఉండనీ. మన ఆడవాళ్లు ఇంట్లో ఏ తెలుగు మాట్లాడినా మోకాళ్ల మీద బైబిలు తెలుగే మాట్లాడతారు, అది నువ్వు బాగా పట్టుకున్నావు. కానీ కథ చెప్పేది నువ్వు. నువ్వు కూడా "ఆమె మిగుల దుఃఖించుచుండెను" అంటే ఎలా? వినుకొండలో పుట్టిన జాషువా గారు క్రీస్తు చరిత్రను తెలుగు పద్యంలో చెప్పి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు. ఆయన తెలుగు పద్యం రాశారు, చర్చి తెలుగు రాయలేదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మనం ఇప్పటికీ ఆదివారం పాడుతున్నామంటే అవి ఈ నేల రాగాల్లో ఉండటం వల్లే. నీకు వచ్చిన తెలుగులో నువ్వు రాయి.

సువార్త రాసిన లూకాని కూడా చదువు, మొదటి నాలుగు వచనాలు చాలు. నాకు దర్శనం వచ్చింది కాబట్టి రాస్తున్నాను అనలేదు ఆయన. మొదటి నుంచి అన్నీ తరచి తెలుసుకుని వరసగా రాస్తున్నానన్నాడు. అంటే కళ్లారా చూసినవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి అడిగాడన్నమాట. నువ్వు ఇంట్లో ఉన్నంతసేపూ చూసి రాశావు, వాళ్లు పనిచేసే మిర్చి యార్డు దగ్గరికొచ్చేసరికి ఊహించి రాశావు. అది తెలిసిపోతోంది. ఆరోజు తీసింది తేజానా, బ్యాడిగీనా? తేజా ఘాటు వేరు, బ్యాడిగీ రంగే గానీ అంత మంట ఉండదు. ఒక్కో మనిషికి ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు? కూర్చునేది గోనెపట్టా మీదా, నేల మీదా? దగ్గు వస్తే మొహానికి ఏం కట్టుకుంటారు? వెళ్లి అడుగు. ఒక పూట వాళ్ల పక్కన కూర్చో. పరిశుద్ధాత్మ నడిపింపు అని ఇంట్లో కూర్చుని రాసేవాళ్లు చాలామంది తయారయ్యారు. ఆత్మ లూకాని కూడా నడిపించాడు, అడిగి తెలుసుకొమ్మనే నడిపించాడు.

ఇక ధైర్యం. నీకు కావాల్సింది అదే కదా, రెండు చోట్ల నుంచి కథ తిరిగొచ్చిందని టెన్షన్ పడిపోతున్నావు.

1987లో నా మొదటి నవల రాతప్రతి, 210 పేజీలు, ఒక్కటే కాపీ, బెజవాడలో ఒక ప్రెస్సుకి ఇచ్చాను. అడ్వాన్సు కూడా కట్టాను. నాలుగు నెలలు తిప్పించుకున్నాక ఒకరోజు వెళితే ప్రెస్సు చేతులు మారింది, పాత కాగితాలన్నీ తూకానికి వేసేశారు. నా 210 పేజీలు ఏ బజ్జీల కొట్టులో పొట్లాలయ్యాయో! గుంటూరు బస్సెక్కి ఇంటికొచ్చి రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మా అమ్మ బైబిలు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. ఆమె బడికెళ్లలేదు. చర్చిలో రాత్రిబడిలో బైబిలు మీదే అక్షరాలు దిద్దుకుంది, చనిపోయేదాకా వేలు పెట్టి కూడబలుక్కునే చదివేది. యిర్మీయా 36 తీసింది. "చదువు" అంది.

చలికాలం, రాజు యెహోయాకీము కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది అనేవాడు యిర్మీయా ప్రవచనాల గ్రంథపుచుట్ట చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ ముక్క కోసి కుంపటిలో వేస్తున్నాడు. మళ్లీ చదవడం, మళ్లీ కోయడం, చుట్టంతా అయిపోయేదాకా. హెబ్రీలో ఆ చాకుని లేఖకుడి కత్తి అంటారని తర్వాత తెలిసింది, కలం చెక్కుకునే కత్తి. ఆ చుట్టంతా యిర్మీయా చెబుతుంటే ఆయన లేఖకుడు బారూకు తన చేత్తో సిరాతో రాసింది. ఇన్ని తంటాల తర్వాత దేవుడు ఓదార్పు మాట ఏదైనా చెప్పాడేమోనని చూశాను. ఇంకొక చుట్ట తీసుకుని మళ్లీ రాయమన్నాడు! బారూకు మళ్లీ కూర్చుని రాశాడు. ముప్ఫై రెండో వచనం చివర్లో ఉంది, మొదటిదానిలో ఉన్న మాటలే కాక అలాంటివి ఇంకా అనేకం చేర్చబడ్డాయని. రెండోది మొదటిదానికంటే పెద్దదైంది. "చూశావా, కాల్చినా ఆగలేదు" అని అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆ సాయంత్రమే అరండల్‌పేట వెళ్లి నాలుగు లాంగ్ నోటుబుక్కులు కొనుక్కొచ్చాను. పద్నాలుగు నెలలు పట్టింది.

బారూకుకి కూడా విసుగొచ్చింది, యిర్మీయాలోనే 45వ అధ్యాయం అంతా అదే, అయిదే వచనాలు. మూలుగుతూ అలసిపోయానన్నాడు. నీకోసం గొప్పవాటిని వెదుకుతున్నావా, వెదకవద్దు అని దేవుడు చెప్పాడు. నీ ప్రాణం మాత్రం నీకు దక్కిస్తానన్నాడు. ఇది ఏ వాగ్దానం కార్డు మీదా నేను చూడలేదు. నాకు అవార్డు వస్తుందని చెప్పి రాకుండా పోయిన సంవత్సరం ఈ అధ్యాయం ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలియదు. చదివినా ఒక్కోసారి బాధ తగ్గలేదు, అదీ నీకు చెప్పాలి.

ఇంకొకటి ఉంది, చెప్పాలా వద్దా అని ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను. మా అమ్మ గుంటూరులో పొగాకు గ్రేడింగుకి వెళ్లేది. సాయంత్రం ఇంటికొస్తే చీర కొంగు నుంచి, జుట్టు నుంచి, అన్నం ముద్ద నుంచి కూడా ఆ ఘాటు వాసన వచ్చేది. చిన్నప్పుడు నేను ఆమె చేత్తో కలిపిన అన్నం తినకుండా మొహం తిప్పుకునేవాణ్ణి. అప్పుడామె చెంచాతో కలపడం మొదలుపెట్టింది. నేను పదకొండు పుస్తకాలు రాశాను, ఈ చెంచా ఒక్కదానిలోనూ లేదు. ఏసీ కాలేజీలో చదువుకుంటూ స్నేహితులకి అమ్మ ఏం పని చేస్తుందో చెప్పనివాణ్ణి, తర్వాత మాత్రం ఎలా రాస్తాను? పెద్ద పెద్ద విషయాలు రాశాను. నువ్వు ఇరవై మూడేళ్లకే మజ్జిగ గిన్నె రాశావు. అందుకే ఆ పేజీన్నర చూసి అంత కోపం వచ్చిందేమో.

ఆ పేజీన్నర తీసెయ్యి. పాస్టరుగార్ని రావద్దనను, కావాలంటే రానీ, వచ్చి ఆ పిల్లాణ్ణి కాసేపు ఎత్తుకోమను, మాట్లాడకుండా. అప్పు అలాగే ఉండనీ. మార్చి రాశాక మళ్లీ పంపు, ఈసారి కంప్యూటర్లో కాదు, కాగితం మీద పెద్ద అక్షరాల్లో పంపితే నా కంటితోనే చదువుకుంటాను. మీ అమ్మగారికి నా వందనాలు చెప్పు. ఆ తల్లి ఆవిడేనా అని అడగను.

ఈ ఉత్తరం నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేసింది. పౌలు రోమా పత్రిక చెబుతుంటే రాసిన తెర్తియు చివరి అధ్యాయంలో తన పేరు చెప్పుకుని ఒక్క వందనం పెట్టుకున్నాడని తనకి చెప్పాను. అయితే నాకూ ఒక లైను ఇవ్వు తాతయ్యా అంటోంది.

అక్కా, వందనాలు. నాయనమ్మ పిల్లాణ్ణి పట్టుకునే చోట నేనూ ఏడ్చాను. తాతయ్య చెప్పడు గానీ, ఆ పేరా నాతో నాలుగుసార్లు చదివించుకున్నాడు.