అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మతం, రాజకీయాలు: అడ్మిన్ ఏం చేయాలి?

గ్రూపులో ఎవరో సభ్యుడు పెట్టిన పోస్టు వల్ల, అడ్మిన్ అయినంత మాత్రాన మీరు నేరస్థులు కారని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు తెలంగాణ హైకోర్టు కట్టుబడాల్సిన పనిలేదు, అందుకే జాగ్రత్త అవసరం. మతాల మధ్య ద్వేషం రేపే పోస్టు పెడితే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 196వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

"రాజకీయాలు వద్దు" అని గ్రూపు నియమాల్లో ఒక్క మాట రాస్తే చాలదు. నల్లా నీళ్లు రాలేదని హైదరాబాద్ నీటి సరఫరా చూసే జలమండలిని నిలదీయడం రాజకీయమా? అసలు గొడవ అక్కడే. నీళ్లు, చెత్త, రోడ్ల గురించి అడగొచ్చు, పార్టీ ప్రచారం కుదరదు అని విడమర్చి రాయండి. బోనాలు, రంజాన్, క్రిస్మస్ శుభాకాంక్షలన్నీ ఉండనివ్వండి. ఒకరివి ఉంచి మరొకరివి తీసేస్తే గ్రూపు చీలడం ఖాయం. హద్దు దాటిన పోస్టును ముందు స్క్రీన్‌షాట్ తీసి, తర్వాత అందరికీ కనబడకుండా డిలీట్ చేయండి. నిమజ్జనం, పోలింగ్ రోజుల్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి.