రాసింది సుమేరియన్ గుర్తు, చదివింది వేరే మాట

ప్రశ్న: హిట్టైట్ మట్టిపలకల పాఠాన్ని ఇంగ్లీష్ లిపిలో వేసినప్పుడు మధ్యమధ్యలో "లుగల్", "నిండా" లాంటి సుమేరియన్ మాటలు క్యాపిటల్ లెటర్స్‌లో కనిపిస్తున్నాయి. హిట్టైట్లు సుమేరియన్ కలిపి మాట్లాడేవాళ్ళా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: లేదండీ, మూడు వేల ఏళ్ళకి పైగా కిందట ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్లు సుమేరియన్ వాడింది రాయడం వరకే, చదివేటప్పుడు నోట్లోంచి వచ్చేది హిట్టైటే. మనం 5వ అని రాసి ఐదవ అని చదవట్లేదా, ఆ అంకెలో ఐదు అన్న శబ్దం ఎక్కడా లేదు, పక్కనున్న వ చూసి మాట చివర ఏంటో తెలుసుకుంటాం, అచ్చం అదే పద్ధతి. రాజు గుర్తుని ఇప్పటి ఇరాక్ ప్రాంతపు సుమేరియన్లు లుగల్ అంటే, వాళ్ళ లిపినే తీసుకుని వేరే భాష మాట్లాడిన అక్కాడియన్లు షర్రుమ్ అన్నారు, హిట్టైట్లు దాని పక్కన ఉస్ అని తగిలించి హస్సుస్ అని చదువుకున్నారు.

ఈ చిక్కంతా అక్కాడియన్‌తోనే మొదలైంది. చుక్క బొమ్మ నుంచి పుట్టిన ఒక గుర్తు ఉంది, సుమేరియన్‌లో అన్ అంటే ఆకాశం, డింగిర్ అంటే దేవుడు, రెంటికీ అదే. అక్కాడియన్లు దాన్ని తమ భాషలో షమూ అనీ ఇలుమ్ అనీ చదివారు, అది చాలక అర్థంతో పనిలేకుండా ఉత్త శబ్దంగా అన్ అనీ ఇల్ అనీ కూడా వాడేశారు, ఇక దేవుళ్ళ పేర్ల ముందు పెడితే అసలు పలకరు! సందర్భం బట్టి పట్టుకోవాల్సిందే.

సుమేరియన్ ఇంట్లో మాట్లాడుకునే భాషగా సుమారు క్రీ.పూ. 2000 నాటికే పోయినట్టు లెక్క, కానీ లేఖకుల బళ్ళలో ఇంకా శతాబ్దాల పాటు నేర్పారు, అలా ఆ గుర్తులు హిట్టైట్ల రాజధాని హత్తుసా దాకా వెళ్ళాయి. 1915లో చెక్ పండితుడు హ్రోజ్నీ హిట్టైట్‌ని ఛేదించింది కూడా వీటి పుణ్యమే. ఒక వాక్యంలో "నిండా" అనే సుమేరియన్ గుర్తు ఉంది, అంటే రొట్టె అని ముందే తెలుసు, దాన్ని పట్టుకుని "రొట్టె తింటారు, నీళ్ళు తాగుతారు" అని తేల్చాడు. అందులో నీళ్ళకి వాడిన వాతర్ మన ఉదకానికి చుట్టమే.

కానీ ఇదే పద్ధతి వల్ల ఎన్నో హిట్టైట్ మాటలు మనకి దక్కకుండా పోయాయి, నాకు చాలా బాధనిపించేది ఇదే. గుర్రాన్నే తీసుకోండి, ఎప్పుడూ "కొండ గాడిద" అనే సుమేరియన్ గుర్తులతోనే రాశారు, వాళ్ళు ఏమని పిలిచేవాళ్ళో శబ్దాలుగా రాసింది దొరకలేదు. హిట్టైట్లకి పొరుగున ఉన్న మితన్నీ దేశపు గుర్రాల శిక్షకుడు కిక్కులి పేరుతో గుర్రాల శిక్షణ మీద పెద్ద గ్రంథమే ఉంది, అందులో కూడా అంతే. చిత్రమేంటంటే, అదే గ్రంథంలో గుర్రం వేసే చుట్లకి ఐక, తెర, పంజ, సత్త అంటూ సంస్కృతానికి దగ్గరి లెక్కలున్నాయి, వాటికి సుమేరియన్ గుర్తులు వాడలేదు కాబట్టి పలికినట్టే రాశారు, అందుకే ఆ పరాయి మాటలు మనం ఇవాళ చదవగలుగుతున్నాం.