ప్లెస్క్ తన డేటాబేస్ పాస్‌వర్డ్‌ని ఎక్కడ పెట్టుకుంటుంది?

ప్రశ్న: మా లైనక్స్ సర్వర్‌లో ప్లెస్క్ (వెబ్‌సైట్లు నడిపే కంట్రోల్ ప్యానెల్) ఉంది. దాని డేటాబేస్ ఉండే మైఎస్‌క్యూఎల్‌లోకి అడ్మిన్ యూజర్‌తో వెళ్దామని ప్యానెల్ పాస్‌వర్డే కొడితే యాక్సెస్ డినైడ్ అంటోంది. వెతికితే ఒక ఫైల్ దొరికింది, అందులో అర్థంకాని అక్షరాలేవో ఉన్నాయి. దాన్ని డీక్రిప్ట్ చేయాలా?

జవాబు: అక్కర్లేదండీ, ఆ అర్థంకానిదే మీ పాస్‌వర్డ్! ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ప్యానెల్‌లోకి లాగిన్ అయ్యే అడ్మిన్ వేరు, మైఎస్‌క్యూఎల్‌లో ఉన్న అడ్మిన్ వేరు, పేరు ఒకటే అయ్యేసరికి పాస్‌వర్డ్ కూడా ఒకటే అనుకుంటాం. మీకు దొరికింది ఈటీసీలో (సర్వర్ సెట్టింగ్స్ ఫైల్స్ ఉండే చోటు) పీఎస్ఏ ఫోల్డర్ లోపలి డాట్ పీఎస్ఏ డాట్ షాడో అయ్యుంటుంది (పీఎస్ఏ అంటే ప్లెస్క్ సర్వర్ అడ్మినిస్ట్రేటర్, పాత పేరు, ఫోల్డర్‌కి అలాగే అతుక్కుపోయింది). మొదట్లో డాలర్ గుర్తు, ఏఈఎస్ 128 సీబీసీ (ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు) అని కనిపిస్తే కంగారుపడొద్దు, ఆ లైన్ మొత్తం డాలర్లతో సహా ఉన్నదున్నట్టు పాస్‌వర్డ్‌గా ఇవ్వాలి. చేత్తో పేస్ట్ చేస్తే మాత్రం సింగిల్ కోట్స్‌లో పెట్టండి, లేకపోతే షెల్ (మీరు కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) ఆ డాలర్‌ని వేరియబుల్ అనుకుని మింగేస్తుంది, మళ్లీ అదే డినైడ్. అసలు ఇంత తంటా ఎందుకు, రూట్‌గా (సర్వర్‌పై పూర్తి అధికారం ఉన్న యూజర్) ఉండి ప్లెస్క్ డీబీ అని కమాండ్ కొడితే నేరుగా లోపలికి వెళ్లిపోతారు.

వేరే ప్యానెల్స్‌లో చోటు మారుతుంది. సీప్యానెల్ అయితే రూట్ హోమ్‌లోని డాట్ మై డాట్ సీఎన్ఎఫ్, డైరెక్ట్అడ్మిన్ అయితే దాని కాన్ఫ్ ఫోల్డర్‌లో మైఎస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్, అక్కడ యూజర్ డీఏ అండర్‌స్కోర్ అడ్మిన్.

ఒక్కటి మాత్రం చేయకండి. సేఫ్టీ కోసమని మైఎస్‌క్యూఎల్‌లోకెళ్లి ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేస్తే ప్యానెల్‌కి ఆ సంగతి తెలీదు, అది పాత ఫైలే చదువుకుని తన డేటాబేస్ తనకే అందక ఎర్రర్ చూపిస్తుంది. ఆల్రెడీ మార్చేశారా? అయితే ఫైల్ జోలికి పోకుండా డేటాబేస్‌నే దారికి తెచ్చుకోండి: మైఎస్‌క్యూఎల్‌ని స్కిప్ గ్రాంట్ టేబుల్స్‌తో (పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానిచ్చే ఆప్షన్), దానికి స్కిప్ నెట్‌వర్కింగ్ (బయటి నుంచి ఎవరూ కనెక్ట్ కాకుండా) కూడా కలిపి స్టార్ట్ చేసి, ముందు ఫ్లష్ ప్రివిలేజెస్ కొట్టి (ఇది మర్చిపోతే పాస్‌వర్డ్ మార్చే ఆల్టర్ యూజర్ కమాండ్ పనిచేయదు), ఫైల్‌లో ఉన్న లైన్‌నే పాస్‌వర్డ్‌గా సెట్ చేసి, మామూలుగా రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: పాస్‌వర్డ్ అలా ఫైల్‌లో ఓపెన్‌గా పడుంటే రిస్క్ కాదా?

జవాబు: రిస్కే, కానీ అర్ధరాత్రి సర్వర్ రీబూట్ అయితే పాస్‌వర్డ్ కొట్టడానికి మనిషి ఉండడు కదా, అదే చదువుకోవాలి. ఎన్‌క్రిప్ట్ చేసినా తాళంచెవి అదే మెషీన్‌లో పెట్టాల్సిందే. అందుకే అసలు కాపలా పర్మిషన్లదే, ఓనర్ తప్ప ఇంకెవరూ చదవకుండా 600 ఉందో లేదో చూడండి. బ్యాకప్‌లు కూడా చూసుకోండి, ఈటీసీ మొత్తాన్ని జిప్ చేసి ఎక్కడికో పంపిస్తే దాంతోపాటే ఈ ఫైల్ కూడా వెళ్లిపోతుంది.