గుళ్లె బడి పెడ్తున్న బిడ్డకు పెద్దమ్మ రాస్తున్నది

బిడ్డా,

ప్రభువు నిన్ను సల్లగ సూడాలె. మొన్న రాత్రి లైట్ బంద్ చేసి పండుకుంటుంటే మీ అమ్మ వాట్సాప్‌ల ఒక పోస్టర్ పంపింది, అద్దాలు పెట్టుకొని చూస్తే మన ఊరి చర్చి గుడి ఫొటో, కింద నాలుగు ప్రోగ్రాములు, పిల్లలకు సాయంత్రం ట్యూషన్, ఆడోళ్లకు చదువు, హెల్త్ క్యాంప్, యూత్ క్వైర్, అన్నిటి కింద నీ పేరు. రెండు సార్లు చదివిన. హైదరాబాద్‌ల ఉద్యోగం చేసుకుంట శని, ఆదివారాలు బస్సు పట్టుకొని వచ్చి ఊర్లె పని చేస్తనని ఈ కాలంల ఎంతమంది అంటరు చెప్పు. మీ తాత ఉంటే ఆ ఫోన్ పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి చూపిస్తుండె. సంతోషంతోని కండ్లల్ల నీళ్లొచ్చినయి, ఎనకనే భయం పట్టుకున్నది, ఆ భయమేందో నీకు చెప్పకుంటే నాకు కుదురుండదు, అందుకే పొద్దుగాల చాయ్ కూడ తాగకుండ రాస్తున్న. పొడుగైతే ఓపికతోని చదువు.

ముందు నీకు తెలిసిన సంగతులే. పాస్టర్ అయ్యగారిని, సంఘ పెద్దలను అడగకుండ ఏదీ మొదలుపెట్టకు, పోస్టర్ వాళ్లకంటే ముందు నాకొచ్చిందంటే నాకు మంచిగ అనిపియ్యలె. పైసల లెక్క ఒక నోట్‌బుక్‌ల రాసి ఇద్దరు సంతకం పెట్టాలె. గుడి కరెంట్ బిల్లు ఎవరు కడ్తరో ముందే మాట్లాడుకోండ్రి. హెల్త్ క్యాంప్ అంటే పీహెచ్‌సీ డాక్టర్‌ను, ఏఎన్ఎంను, ఆశా అక్కను పిలువు, బీపీ షుగర్ చూపియ్యి, గోలీలు మాత్రం నీ చేతులతోని ఎవరికీ ఇయ్యకు. నాలుగూ ఒక్కసారి పెట్టకు బిడ్డా, ఒక్కటి పెట్టి అది ఆర్నెల్లు నిలబడ్డంక రెండోది చూడు.

పిల్లల ట్యూషన్ మంచి ఆలోచన. కల్వకుర్తి లిఫ్ట్ నీళ్లు వచ్చినంక మన దిక్కు వలసలు కొంత తగ్గినయి గానీ ఇప్పటికీ అమ్మానాయినలు పూణెకో బొంబాయికో పోయి, ముసలోళ్ల కాడ పెరుగుతున్న పిల్లలు మన వాడల ఉన్నరు. వాళ్లకు హోంవర్క్ చూసేటోళ్లు లేరు. బళ్లె మధ్యాహ్నం తిన్న అన్నమే, మళ్ల రాత్రిదాక ఏం ఉండదు, ఐదింటికి నీ కాడికి వచ్చేటాలకు కడుపుల ఎలుకలు పరుగులు పెడ్తుంటయి, ఎక్కాలు ఏం ఎక్కుతయి. స్త్రీల సమాజం వాళ్లను అడుగు, రోజుకొకరు గుగ్గిళ్లు ఉడకపెడ్తరు. శనగలు, అలసందలు, పల్లీలు, ఏవుంటే అవి. నేను చెప్తే కాదనరు, అడుగుత కూడ.

ఇగ ఒక మాట గట్టిగ చెప్తున్న. ఒక్క పిల్లతోని ఒక్క పెద్దమనిషి తలుపేసిన రూంల ఉండొద్దు. ఎవరైనా సరే, ఎంత ప్రార్థనపరుడైనా సరే, మన చుట్టమైనా సరే. ఎప్పుడూ ఇద్దరు పెద్దోళ్లుండాలె, తలుపు తెరిచి ఉండాలె. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ గోడ మీద పెద్దగ రాసిపెట్టు, పిల్లలకు నోటికి రావాలె. ఇది అనుమానం కాదు, కాపలా. ఏడున్నర దాటకముందే ఇండ్లకు పంపాలె, ఎవలింటి దిక్కు పొయ్యేటోళ్లను వాళ్లను గుంపుగ పంపు. మా కాలంల గుడి ఎనక గోడలేని మోట బావి ఉండె, నేను కందిలి పట్టుకొని ఒక్కొక్క పిల్లను వాకిట్లకు దింపి వస్తుంటి, ఇప్పుడు బావి పూడ్చిన్రు గానీ రోడ్డు మీద ఇసుక ట్రాక్టర్లు లైట్లు లేకుండ ఉరుకుతున్నయి, నాకైతే బావే నయమనిపిస్తది.

ఇంకోటి, ట్యూషన్‌కు వచ్చేటోళ్లల్ల బతుకమ్మ ఆడేటోళ్లుంటరు, పీర్లకు మొక్కేటోళ్లుంటరు. ప్రార్థనకు వస్తేనే పలక అని ఎన్నడూ అనొద్దు, అన్నట్టు కూడ అనిపియ్యొద్దు. వాళ్ల అమ్మానాయినలకు ముందే చెప్పు, లెక్కలు, ఇంగ్లీష్, తెలుగు చెప్తమని. అక్షరం అందరిదీ. మీ తాతకు అక్షరం ఎట్ల వచ్చింది? 1890 ప్రాంతంల రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీలు నల్లగొండల దిగిన్రు, తర్వాత అమెరికా నుంచి వచ్చినోళ్లు నాగర్‌కర్నూల్ దిక్కు, దేవరకొండ దిక్కు మిషన్లు పెట్టిన్రు, గుడి పక్కకే బడి, దవాఖాన. బళ్లె కూసోనియ్యని కాలంల మీ తాతను కూసోవెట్టిన్రు. ఆయన ముసలితనంల కూడ పలక బలపం వాసన వస్తే ఒక నిమిషం ఆగుతుండె.

ఆడోళ్లకు చదువు అని రాసినవు సూడు, అక్కడ్నే నా గుండె ఆగింది. పని గొప్పది. 2011 జనాభా లెక్కల్ల మన పాలమూరు జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంల అన్ని జిల్లాలకంటే ఎనక, ఆడోళ్లల్ల సగం కూడ లేదు. ఆదివారం ఎనక వరుసల్ల చూడు, పుస్తకం ఒళ్లె పెట్టుకొని తెరువకుండ కూసునేటోళ్లు ఎంతమందో. ఇప్పుడు ఉల్లాస్ అని సెంట్రల్ గవర్నమెంట్‌ది ఒకటున్నది, 15 ఏండ్లు దాటినోళ్లకు వాలంటీర్లే చదువు చెప్పొచ్చు, బళ్లె హెడ్‌మాస్టర్‌ను అడిగితే చెప్తడు. టెన్త్ మధ్యల ఆపినోళ్లుంటే ఓపెన్ స్కూల్ ఉన్నది. అవన్నీ నువ్వు నాకంటే మంచిగ కనుక్కుంటవు. నేను చెప్పాల్సింది వేరే ఉన్నది, ఇన్నేండ్లు మీ అమ్మకు కూడ పూర్తిగ చెప్పలె.

మీ అన్న ఏడో తరగతిల ఉన్నప్పుడు నేను గుళ్లె ఆడోళ్లకు రాత్రిబడి పెట్టిన. పదకొండు మంది వస్తుండ్రి, కూలికి పోయొచ్చి, వంట చేసి, పిల్లలను పండవెట్టి, అప్పుడు. అఆలు దిద్దిస్తే వారంల సగం మంది మానేసిన్రు, చేతులు కాయలు కట్టినోళ్లు, బలపం విరిగిపోతుండె. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. వాళ్లకు కీర్తనలు నోటికి వస్తయి కద, చిన్నప్పటి నుంచి పాడుతున్నరు. పుస్తకం తెరిచి ముందుపెట్టి, పాడుకుంట మాట మాటకు వేలు జరుపుమన్న. నోటికి తెలిసిన మాట కంటికి కూడ తెలుస్తది. ఒకామె, పేరు రాయను, నీకు తెలిసిన మనిషే, మూడో రాత్రి పాట మధ్యల ఆగి, "టీచరమ్మా, ఇది ప్రభువు, ఇక్కడ కూడ ప్రభువే, మళ్ల ఇక్కడ" అని పేజీ మీద మూడు చోట్ల వేలు పెట్టింది. ఆ వేలు చివర గోరు నల్లగ, పత్తి చేను మట్టి. ఆ వేలు నాకు ఇప్పటికీ కండ్ల ముంగల్నే ఉంటది.

ఆర్నెల్లల్ల ఆమె అందర్ని దాటిపోయింది. పేరు రాసింది. బస్సు బోర్డులు చదివింది. బైబిల్‌ల కాపరి కీర్తన, ఆరు వచనాలు, తడబడకుండ చదివింది. నాకు మురిపెం ఆగలె. కోత పండుగ వస్తుండె, పక్క ఊర్ల సంఘాలు, బయట నుంచి పెద్దలు వస్తరు, వాళ్ల ముందు ఆమెతోని వాక్యం చదివిపియ్యాలనుకున్న. ఆమె వద్దన్నది. రెండు సార్లు వద్దన్నది. "ఇంట్ల చదువుకుంట టీచరమ్మా, గంత మందిల నాకెందుకు" అన్నది. నేను వినలె, నీ సాక్ష్యం చూసి ఇంకో పదిమంది వస్తరు అని దేవుని పేరు చెప్పి ఒప్పిచ్చిన.

ఆరోజు గుడి నిండిపోయింది. ముంగల జొన్న కంకులు, పల్లికాయ, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, వేలం పెట్టేటివి అన్నీ కుప్పపోసి ఉన్నయి. ఆమె కొత్త చీర కట్టుకొని వచ్చింది, పుస్తకంల కాపరి కీర్తన కాడ చీర కొంగు పోగు ఒకటి గుర్తు పెట్టుకున్నది. లేచి నిలబడంగనే బయట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, పండుగకు తగ్గ భాగం చదువమ్మా, ద్వితీయోపదేశకాండం ఇరవై ఆరో అధ్యాయం అన్నడు. ఆయన తప్పేం లేదు, ఆయనకేం తెలుసు. తెలిసింది నాకు. లేచి, అయ్యా ఆమె వేరే భాగం తయారు చేసుకున్నది అంటే అయిపోతుండె. నేను అనలె. చదువుతది అనుకున్న, నా బడి గొప్పతనం ఇంకా ఎక్కువ కనిపిస్తది అనుకున్న. ఆమె పేజీలు తిప్పుతనే ఉన్నది. ఆ పేరే చూడు, మొదట్లనే ఒత్తు, ఎంత పొడుగు. ఎవరో జాగ చూపిచ్చిన్రు. "ద్వి" అని ఆగింది, మళ్ల "ద్వి". ఎనక ఇద్దరు మొగపిల్లలు నవ్విన్రు. నేను బెంచీ మీదికెల్లి గట్టిగ అందిచ్చిన, అందరికీ వినపడేటట్టు. ఆమెకు అంటుకోలె. అప్పుడు నేను పోయి ఆమె చేతిలకెల్లి పుస్తకం తీసుకొని గడగడ నేనే చదివిన.

పుస్తకం తీసుకున్న, బిడ్డా. ఆ పిల్లల నవ్వు కాదు, నేను తీసుకున్నదే ఆమెను కొట్టింది. నేను చదువుతున్నంతసేపు ఆమె చేతులు పుస్తకం పట్టుకున్నట్టే గాలిల ఉన్నయి.

తర్వాత రాత్రిబడికి రాలె. రెండు సార్లు ఇంటికి పోయిన, పని ఉన్నదన్నది, నీళ్లిచ్చింది, మర్యాదగనే మాట్లాడింది. నెలకు డ్వాక్రా గ్రూప్ పైసల కోసం అందరం బ్యాంక్‌కు పోయినం. సంతకం పెట్టేటోళ్లు పెడ్తున్నరు. ఆమె వంతు వచ్చింది, క్లర్క్ పెన్ను జరిపిండు. నేను పక్కనే ఉన్న. ఆమె పెన్ను ముట్టలె, ఇంక్ ప్యాడ్ దిక్కు చెయ్యి చాపి బొటనవేలు అద్దింది. నా దిక్కు చూడను కూడ చూడలె. పేరు రాయొచ్చిన మనిషి. నా కండ్ల ముందు ఎన్ని వందల సార్లో రాసిన మనిషి.

ఆ ఏడు వానలు ఎత్తగొట్టినయి, గుంపు మేస్త్రీ కాడ అడ్వాన్స్ తీసుకొని మొగనితోని బొంబాయి పోయింది. తప్పైందని చెప్పేలోపల పోయింది. పదేండ్ల తర్వాత తిరిగొచ్చినంక చెప్పిన, ఏడ్చుకుంట చెప్పిన. "పోనీ టీచరమ్మా, గప్పటి ముచ్చట" అన్నది. గుడికి వస్తది, తలుపు కాడ కూసుంటది. ఒకసారి కీర్తనల పుస్తకం ఇయ్యబోతే కండ్లు ఆనుతలెవ్వు అన్నది. మొన్న వాళ్ల వాకిట్ల చేటల బియ్యం పోసుకొని మెరిగెలు ఏరుతుంటే చూసిన, పొద్దుగూకే యాళ్ల, అద్దాలు లేకుండ, ఒక్కొక్కటి ఏరి పక్కకేస్తున్నది.

అందుకే నీ పోస్టర్ల "ముగింపు రోజున మహిళలచే వాక్య పఠనం" అన్న లైన్ చూసి నేను లేచి కూసున్న. అది తీసెయ్యి. బతిమాలుతున్న, తీసెయ్యి. చదువు నేర్సుకునేటోళ్లను ఫొటోలు తియ్యకు, స్టేటస్‌ల పెట్టకు, హైదరాబాద్ల నీ ఫ్రెండ్స్ సాయం చేస్తమన్నరని వాళ్లకు వీడియో పంపాలనుకుంటే గోడ ఫొటో పంపు, పలకల ఫొటో పంపు. ఎవరన్నా తమంతట తాము వచ్చి నేను చదువుత అంటే చదవనియ్యి, ఏ భాగమో వాళ్లనే ఎంచుకోనియ్యి, ఆగితే ఆగనియ్యి, సంఘం ఒక నిమిషం కాదు పది నిమిషాలు ఎదురుచూస్తది. ఎంతసేపైనా చేతులకెల్లి పుస్తకం తీసుకోకు.

నీకు కోపం వస్తే రానియ్యి. చిన్నప్పుడు నా ఒళ్లె కూసొని కీర్తనల పుస్తకం తలకిందులు పట్టుకొని పాడుతుంటివి, సక్కగ పట్టుకోమంటే ఏడుస్తుంటివి, ఇప్పుడు నువ్వే ఒకరికి చదువు చెప్తున్నవంటే నాకు ఎంత సంబురమో మాటల్ల రాదు.

క్వైర్ గురించి కొంచెమే. కీబోర్డ్ కొనండ్రి, ట్రాక్స్ పెట్టుకోండ్రి, వద్దనను. కానీ ఆరాధనల రెండు పాత కీర్తనలన్నా డప్పు, తాళాలతోని ఉండాలె, ముసలమ్మల గొంతు మైక్ సౌండ్ల మునిగిపోవద్దు. చదువు రానోళ్లకు అవే పుస్తకాలు. ఆడోళ్ల క్లాస్ కూడ ఆ పాటలతోనే మొదలుపెట్టు, అఆలతోని వద్దు, పాడుకుంట వేలు జరిపితే చాలు. నా కాడ అప్పటి పెద్దక్షరాల కాగితాలు ట్రంక్ పెట్టెల ఉన్నయి, అంచులు చెదలు తిన్నయి గానీ అక్షరాలు మంచిగనే ఉన్నయి, జిరాక్స్ తీపిచ్చుకో.

ఆమె మనవరాలు మూడో తరగతి చదువుతున్నది, కొడుకూ కోడలూ పూణెల ఉన్నరు. నీ ట్యూషన్‌కు పంపుతవా అని నిన్ననే అడిగిన. చాలసేపు ఏం మాట్లాడలె. తర్వాత, "పంపుత, కానీ నేనే తోల్కొచ్చి అయిపోయేదాక బయట కూసుంట" అన్నది. గుడి అరుగు మీద చాప ఒకటి వేసి పెట్టు. లోపలికి రమ్మని పిలువకు, కిటికీ మాత్రం తెరిచి ఉంచు, ఆ కిటికీ పక్కన్నే పిల్లలను పాడుకుంట చదివిపియ్యి.

శనివారం ఏ బస్సుకు వస్తున్నవో ఫోన్ చెయ్యి, బస్టాండ్ కాడికి నేనే వస్త. జొన్న రొట్టెలు చేసిపెడ్త.

మీ పెద్దమ్మ