పెరుగుదల తగ్గితే జనాభా తగ్గినట్టేనా?

సందేహం: "ప్రపంచ జనాభా పెరుగుదల తగ్గింది" అని ఒక వార్త, దాని కిందే "జనాభా 800 కోట్లు దాటింది" అని ఇంకో వాక్యం. ఇవి ఎలా పొసుగుతాయి? అలాగే "సుస్థిర అభివృద్ధి" అంటున్నారు. స్థిరం అంటే కదలనిది కదా, కదలనిది అభివృద్ధి ఎలా అవుతుంది?

సమాధానం: పొసుగుతాయండీ. "తగ్గింది" అన్న క్రియకు కర్త ఏదో చూడండి. అక్కడ తగ్గింది పెరుగుదల, జనాభా కాదు. జనాభా పెరుగుతూనే ఉంది, 2022 నవంబరులో 800 కోట్లకు చేరింది కూడా.

అసలు చిక్కు వేరే చోట ఉంది. "పెరుగుదల" అనే ఒక్క మాటనే మనం రెండు లెక్కలకు వాడేస్తున్నాం, నూటికి ఎంత పెరిగిందన్న రేటుకూ, ఏడాదికి ఎంతమంది కొత్తగా చేరారన్న సంఖ్యకూ. 1960లలో ప్రపంచ జనాభా ఏటా 2 శాతానికి పైగా పెరిగిన సంవత్సరాలున్నాయి, ఇప్పుడది 1 శాతం లోపే. అంటే రేటు సగానికి పైగా పడిపోయింది. కానీ ఆనాటి 2 శాతం 300 కోట్ల పైచిలుకు మీద, ఈనాటిది 800 కోట్ల మీద, కాబట్టి అప్పుడూ ఏడాదికి 7 కోట్లకు అటూ ఇటూగా చేరారు, ఇప్పుడూ దాదాపు అంతే! (మధ్యలో, 1980ల చివర, 9 కోట్ల దాకా వెళ్లింది.) ఇప్పుడు చెప్పండి, పెరుగుదల తగ్గిందా లేదా? రేటు అయితే తగ్గింది, సంఖ్య అయితే 1960లతో పోలిస్తే పెద్దగా తేడా లేదు. శీర్షికలో చోటు చాలదని "రేటు" అన్న రెండక్షరాలు కోసేయడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. "పెరుగుదల రేటు" అనండి, లేదా తేలిగ్గా "పెరిగే వేగం" అనండి.

"జనాభా తగ్గింది" అని ప్రపంచం మొత్తానికి రాసే రోజు ఇంకా రాలేదు. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల్లో 2080లలో సుమారు 1030 కోట్ల దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత మెల్లగా దిగుతుందని ఉంది. అంచనాయే కాబట్టి "తగ్గవచ్చు" అనాలి, కొందరు "తగ్గిపోతుంది" అని తేల్చేస్తున్నారు.

ఇక రెండోది. స్థిరం అంటే కదలనిదే కానక్కర్లేదు, నిలిచి ఉండేది అని కూడా. స్థిరమైన ఆదాయం అంటే ఎప్పటికీ పెరగని ఆదాయం అని ఎవరూ అనుకోరు కదా, ఆగిపోకుండా వచ్చేదనే అనుకుంటాం. ఇదీ అంతే. నేటి అవసరాలు తీర్చుకుంటూనే రేపటి తరాల అవసరాలకు గండి కొట్టని అభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ నిర్వచించింది. నీటినీ నేలనీ ఖాళీ చేసి సాధించిన అభివృద్ధి కొంతకాలం జోరుగానే సాగుతుంది, కానీ నిలవదు, అందుకే దాన్ని సుస్థిరం అనలేం.

సంధి చేసి "సుస్థిరాభివృద్ధి" అన్నా, విడదీసి "సుస్థిర అభివృద్ధి" అన్నా ఒప్పే. వెనక "లక్ష్యాలు" కూడా చేరితే విడదీసి రాయడమే చదవడానికి హాయి. "సుస్థిరమైన అభివృద్ధి" కూడా తప్పు కాదు, కాస్త సాగుతుంది, అంతే.